ఒడ్డు మొదలు చూడండి

సాగర్ కుడి కాలవ మీద కొంతకాలం, కృష్ణా పశ్చిమ డెల్టాలో మరికొంతకాలం వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి, రిటైరయ్యాక సొంతూరు వినుకొండ చేరాను. నూజెండ్ల వైపు ఏటి ఒడ్డు ఊళ్ల కుర్రాళ్లు అప్పుడప్పుడు ఇంటికొస్తుంటారు. చేను ఏట్లో కలిసిపోతోంది పెదనాన్నా, కరకట్ట ఎంత ఎత్తు ఉంటే ఆగుతుందంటావు అని అడుగుతారు. ఎత్తు సంగతి అందరూ అడిగేదే. ఒడ్డు మొదట్లో ఏం జరుగుతోందో చూసొచ్చినవాడు మాత్రం అరుదు. ఏరు కొట్టేది అక్కడే. నాకు తెలిసిన నాలుగు సంగతులూ దాని చుట్టూనే తిరుగుతాయి గనక వరసగా రాస్తున్నాను.

1. ఏటిని మే నెలలో చూడాలి

వరదొస్తే వంతెన మీద జనం కిక్కిరిసిపోతారు. అప్పుడు కనిపించేది నీళ్లే. ఏటి స్వభావం తెలియాలంటే ఎండలు ముదిరాక పొద్దున్నే ఇసుకలోకి దిగి నడవాలి.

మా గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుడుతుంది. విజయనగర రాజుల కాలంలో దానికి అడ్డంగా కొండల సందులో కట్టిందే కంభం చెరువు. ఆ తర్వాత మార్కాపురం ప్రాంతం దాటి, మా వినుకొండ సీమను ఒరుసుకుని, అద్దంకి మీదుగా ఒంగోలుకు తూర్పున సముద్రంలో కలుస్తుంది. గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైల్లో వినుకొండ దాటితే చీకటీగలపాలెం, ఆ తర్వాతి స్టేషను పేరే గుండ్లకమ్మ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మీద సన్నటి పాయగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను పట్టి నల్లమల మీద కుండపోత కురిసిందంటే గంటల్లో ఒడ్డు నుంచి ఒడ్డుకు వస్తుంది. ఇలాంటి ఏటికి ఏడాది పొడుగునా పారే నది లెక్కలు పనికిరావు.

నడిచేటప్పుడు వంపులు గమనించాలి. వంపులో బయటివైపు ఒడ్డు నిటారుగా, గోడ కోసినట్టు ఉంటుంది. లోపలివైపు ఇసుక మేట వేసి మెల్లగా వాలుగా ఉంటుంది. నీటి జోరంతా బయటి ఒడ్డు మొదట్లో ఉంటుంది. అక్కడ ఒడ్డు అడుగు లోపలికి గుల్లయి ఉందా, చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతున్నాయా, పైన చేలో ఒడ్డుకు సమాంతరంగా నెర్రె పడిందా చూడండి. ఆ నెర్రె ఉంటే రాబోయే వరదకు అక్కడి దాకా పోతుందని లెక్క. దాని ఇవతలే మోటారు షెడ్డు వేసుకోండి.

2. ఒడ్డు కూలేది వరద తీసిన తర్వాత

ఇది పొలం పనిచేసేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. వరద నిండుగా ఉన్నంతసేపు నీరే ఒడ్డును ఎదురుగా నెట్టి పట్టుకుని ఉంటుంది. లోపల మట్టి నానిపోతూ ఉంటుంది. వరద గబగబా తీసిందంటే ఎదురుగా ఆ ఆసరా పోతుంది, నానిన మట్టి బరువేమో అలాగే ఉంటుంది, మట్టిలో చేరిన నీరు బయటికి తోస్తుంది. కింద మొదలు అప్పటికే కోసుకుపోయి ఉంటుంది. మర్నాడు ఎండలో, నిశ్శబ్దంగా, గదంత పెళ్ల ఒక్కసారి కూర్చుండిపోతుంది. నల్లరేగడి అయితే మరీను. వరద తగ్గిందని పశువుల్ని ఒడ్డుకు తోలుకెళ్లడం, మోటారు దించుకుందామని అంచుకు పోవడం ఆ రెండు రోజులూ వద్దు.

కరకట్ట సంగతీ అంతే. నీళ్లు పైనుంచి పొర్లితేనే కట్ట తెగుతుందని అనుకుంటాం. 2008 ఆగస్టు 18న నేపాల్‌లో కుసహా దగ్గర కోసి నది తూర్పు కరకట్ట తెగింది. ఆ కట్టలను, బ్యారేజీని తొమ్మిదిన్నర లక్షల క్యూసెక్కులకు కట్టారు. ఆరోజు నదిలో ఉన్నది అందులో ఐదో వంతు కూడా లేదు. చుక్క నీరు కట్ట మీదుగా పొర్లలేదు. ప్రవాహం కట్ట వైపు తిరిగి, కాపుగా నదిలోకి కట్టిన స్పర్లను (రాతికట్టలను) కోసుకుంటూ వచ్చి, మొదలు పట్టుకుంది. బీహార్‌లో లక్షల కుటుంబాలు ఇళ్లు వదిలాయి. ఆ కట్ట ఇంకో రెండు మీటర్లు ఎత్తు ఉన్నా ఒరిగేదేమీ లేదు.

3. ఇసుక ఏటి ఆస్తి

ఇసుక ఎవరిదన్న పంచాయతీలు నా ఉద్యోగకాలమంతా విన్నాను. ఒడ్డు నిలబడాలంటే అది ఏటిదే. ఏటి అడుగున ఎంత మందాన ఇసుక ఉందో అంత మందాన ఒడ్డు మొదలు కప్పుకుని ఉంటుంది. రెండు నిలువుల ఇసుక తోడేస్తే, అంతకుముందు పది అడుగుల ఒడ్డు ఇరవై అడుగుల ఒడ్డు అవుతుంది. పైన మనం చెయ్యి పెట్టలేదు కదా అంటాం. కింద కాళ్లు తీసేశాం.

పైగా తవ్విన గుంట తవ్విన చోట ఉండదు. వరద ఆ గుంటలోకి దూకేటప్పుడు గుంట ఎగువ అంచు కోసుకుపోతుంది. అలా కోత పైకి పైకి పాకుతుంది. తవ్వినవాళ్లు ఒక ఊళ్లో ఉంటే, ఒడ్డు కూలేది ఎగువనున్న ఊళ్లో. వంతెన స్తంభాల పునాదులు బయటపడేది ఇలాగే. అందుకే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నిబంధనల్లో వంతెనలకు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదని రాశారు. ఒడ్డుకు ఆనించి తవ్వకూడదనీ, ఇసుక బండ్లను కరకట్టల మీద నడపకూడదనీ కూడా ఉంది. చట్టం 2002 నాటిది. ఊరి పెద్దలు ఈ మూడు ముక్కలూ కంఠస్థం పెట్టుకుంటే చాలు, అడగాల్సినప్పుడు నోరు పెగులుతుంది.

మా పల్నాడుకు ఇసుక విలువ ఇంకోటి ఉంది. ఇది మెట్ట సీమ. మా చిన్నతనంలో వేసవిలో ఏట్లో చెలమ తీసేవాళ్లం. మోకాలి లోతు తవ్వితే తేట నీరు ఊరేది, చిప్పతో కడవకెత్తుకునేవాళ్లు. వరద నీటిని పట్టి ఉంచి నిదానంగా ఒడ్డు బావులకు వదిలేది ఆ ఇసుకే. ఇసుక పోయిన చోట నీరు వచ్చినట్టే పోతుంది, ఒడ్డున ఊటబావులు దిగిపోతాయి, మిర్చికి ఆఖరి తడి అందదు. వరదకూ కరువుకూ కారణం ఒక్కటే కావడం మీరు కళ్లారా చూడాలంటే బాగా తవ్వేసిన ఏటి పక్క ఊరికి ఏప్రిల్‌లో ఒకసారి, నవంబరులో ఒకసారి వెళ్లండి.

పెద్ద నదులకూ ఇదే బాధ. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల ఒకదాని వెనక ఒకటి ఒండ్రునూ ఇసుకనూ ఆపేస్తున్నాయి. దిగువకు కొత్త ఇసుక రాదు, ఉన్నది లారీల్లో పోతుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట తీరం కోతకు అదొక కారణం.

4. రాయి వాలు మీద కన్నా అడుగున ఎక్కువ పడాలి

కట్ట వాలుకు రాయి పేర్చి సిమెంటు పూసేస్తే చూడముచ్చటగా ఉంటుంది, ప్రారంభోత్సవానికి ఫొటోలు బాగా వస్తాయి. మొదట్లో కాపు లేకపోతే ఒక్క వరదకు కింద వరస జారుతుంది, దాని మీద ఆనుకున్న పై వరసలన్నీ దిగుతాయి.

తెలిసినవాళ్లు చేసే పని ఏమిటంటే, వాలు అడుగున ఏటివైపు రాతిని మందంగా, వెడల్పుగా పరిచి ఉంచుతారు. ఆప్రాన్ అంటాం. ఏరు దాని అంచు కింద కోయడం మొదలుపెట్టగానే ఆ రాళ్లే ఒక్కొక్కటి గుంటలోకి జారి, కోసిన చోటును కప్పేస్తాయి. అంటే కూలడానికే పెట్టిన రాయి అది. ఆడిటుకు వచ్చినవాళ్లు "రాయి ఉన్నచోట లేదు, కొట్టుకుపోయింది" అని రాస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. అది పోవాల్సిన చోటికే పోయింది.

రాయి రకం కూడా ముఖ్యం. మన పల్నాడులో నాపరాయి చవక, అందరూ అదే తెస్తామంటారు. పలకరాయి కింద నీరు దూరితే ఇట్టే లేస్తుంది. ఒక మనిషి ఎత్తలేనంత నల్లరాయి, నాలుగు మూలలూ దిట్టంగా ఉన్నది కావాలి. రాయి కింద గులక, గులక కింద ముతక ఇసుక పొరలు వేయాలి. ఆ పొరలు లేకపోతే రాళ్ల సందుల్లోంచి కట్ట మట్టి నీళ్లతో పాటు బయటికొచ్చేస్తుంది. రాయి చెక్కుచెదరకుండా ఉంటుంది, వెనక కట్ట బోలుగా ఉంటుంది. పెద్ద రాయి దొరకని చోట ఇనప వైరు బుట్టల్లో చిన్న రాయి నింపి పెడతారు. అది కూడా మంచిదే, వైరు తుప్పు పట్టనంతకాలం.

స్పర్లు గురించి ఒక మాట. ఒడ్డు నుంచి ఏట్లోకి చెయ్యి చాపినట్టు రాతికట్ట కడితే ప్రవాహం అవతలికి తిరుగుతుంది. అవతల కూడా ఒక ఊరుంటుంది. రెండు ఊళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడకుండా స్పర్ కట్టించడం తగాదాకు కొబ్బరికాయ కొట్టడమే.

5. బుంగ పడితే నీటి రంగు చూడాలి

డెల్టాలో ఒక వరద రాత్రి. కట్టకు ఊరివైపు, అడుగున, గడ్డిలోంచి బుడబుడమని నీరు పైకి వస్తోంది. చెంబు మూతంత కన్నం. చుట్టూ సన్న ఇసుక చీమల పుట్టలా గుండ్రంగా పేరుకుంటోంది. కుర్రాళ్లు బస్తా తెచ్చి దాని మీద వేసి తొక్కబోయారు. మాతో ఉన్న ముసలి లస్కరు (కాలవలు, గేట్లు చూసుకునే మనిషి) లాంతరు దించి, దోసిట్లో ఆ నీరు పట్టి చూశాడు. "మూయమాకండి బాబూ, మూయమాకండి. మట్టి వస్తోంది" అన్నాడు.

ఆయన చెప్పినట్టే చేశాం. కన్నాన్ని వదిలేసి దాని చుట్టూ బావి వరలాగా ఇసుక బస్తాలు పేర్చాం. లోపల నీరు నిలబడి ఎత్తు పెరిగేకొద్దీ కింద నుంచి వచ్చే తోపుడు తగ్గుతుంది. నడుం ఎత్తుకు వచ్చేసరికి బురద నీరు కాస్తా తేటబడింది. అప్పుడు బస్తాల మధ్య గొట్టం పెట్టి తేట నీటిని పక్క బోదెలోకి వదిలాం. తెల్లారేదాకా పారుతూనే ఉంది, కట్ట నిలిచింది.

తేట నీరు ఊరితే కట్ట నుంచి ఊట దిగుతోందని అర్థం, కనిపెట్టి ఉంటే చాలు. బురద నీరు వస్తే కట్ట లోపలి మట్టి కోసుకుని బయటికొస్తోందని అర్థం. కన్నం నోరు మూసేస్తే ఆ నీరు పక్కన ఇంకోచోట తన్నుకొస్తుంది. బస్తాలు కూడా మూతి దాకా కుక్కకూడదు. మూడొంతులు నింపి మూతి మడిచి వేస్తే ఒకదాని మీద ఒకటి ఒదుగుతాయి. ఇటుక పేర్పులాగా, కీలు మీద కీలు పడకుండా పేర్చాలి. ఈ పని తెలిసినవాళ్లు ఊరికి పదిమంది ఉండాలి. ఫోను చేస్తే ఎవరో వస్తారని కూర్చునే వ్యవధి బుంగ ఇవ్వదు.

6. గడ్డి మేలు

కట్ట వాలు మీద రెల్లు, వట్టివేరు, ఒడ్డు వెంట వావిలి. వీటి వేళ్లు వలలాగా మట్టిని పట్టుకుంటాయి, వరదకు కాడలు వంగి ఒడ్డును కప్పుతాయి. కట్ట మీద మాత్రం పెద్ద చెట్లు పెంచొద్దు. గాలికి చెట్టు పడితే వేళ్లతో పాటు కట్ట పెళ్ల లేస్తుంది, చచ్చిన వేరు కుళ్లితే అదే బుంగకు దారి.

7. ఏటికి చోటు వదలాలి

వంకరలు తీసేసి తిన్నగా చేస్తే వరద త్వరగా పోతుందని ప్రతి మీటింగులో ఎవరో ఒకరు అంటారు. జర్మనీలో తుల్లా అనే ఇంజినీరు ఆలోచన మీద 1817లో రైన్ నదిని తిన్నగా చేయడం మొదలుపెట్టారు. ఎగువ రైన్ పొడవు సుమారు 80 కిలోమీటర్లు తగ్గిపోయింది. అక్కడి చిత్తడి ఆరింది, పొలాలు వచ్చాయి, తర్వాత్తర్వాత పడవలకూ దారి దొరికింది. దాంతో పాటు వాలు పెరిగి నది తన అడుగు తానే కోసుకుంది, ఒడ్డు పొలాల్లో భూగర్భ జలం దిగిపోయింది, వరద దిగువ ఊళ్లకు ముందుకన్నా త్వరగా చేరింది. ఇప్పుడు రైన్ ఒడ్డు దేశాల్లోనే కట్టలు వెనక్కి జరిపి నదికి చోటు తిరిగిస్తున్నారు.

మనకు దూరం పోనక్కర్లేదు. 2024 ఆగస్టు ఆఖర్న, సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచింది. బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే కాలవకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారుతోంది. నది అంత ఎత్తులో ఉంటే కాలవ నీరు అందులోకి దిగదు, వెనక్కి తంతుంది. కిందికి పోదామంటే బుడమేరు సొంత దారి ఇరుకైపోయి ఇళ్లతో నిండి ఉంది. అదే వరదలో, విజయవాడలో కృష్ణ ఒడ్డునున్న కృష్ణలంక రక్షణ గోడ లోపల ఉన్న జనాన్ని కాపాడింది, ఆ మాట ఒప్పుకోవాలి. జనం ఎప్పుడో స్థిరపడిపోయిన చోట గోడ తప్పదు. గుండ్లకమ్మ ఒడ్డున ఇంకా చాలాచోట్ల ఖాళీ ఉంది. అక్కడ ప్లాట్లు వేయనివ్వకపోతే గోడ ఖర్చే ఉండదు. ఏటి పోరంబోకు ఏటికి వదలండి.

8. పడవ దారి కావాలంటే నీరు నిలవాలి

గుండ్లకమ్మ పడవల ఏరు కాదు, చేయబోవద్దు కూడా. కృష్ణ వేరు. 1850ల్లో బెజవాడ ఆనకట్ట కట్టినప్పుడు కాలవలను సాగుకే కాక పడవలకూ పనికొచ్చేటట్టు తవ్వారు. కాటన్ దొర పట్టుదల అది. దుగ్గిరాల లాకుల మీదుగా కొమ్మమూరు కాలవలో పెదగంజాం దాకా, అక్కణ్ణుంచి బకింగ్‌హాం కాలవలో మద్రాసు దాకా సరుకు పోయేది. లాకు అంటే రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, నీరు నింపో తీసో ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే ఏర్పాటు. రోడ్డు, రైలు పెరిగాక పడవలు తగ్గాయి, పడవలు తగ్గాక పూడిక తీయడం తగ్గింది.

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ దారినంతా, కృష్ణా గోదావరి భాగాలతో కలిపి, 2008లో నాలుగో నంబరు జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మొదటి దశ ముక్త్యాల నుంచి విజయవాడ, 82 కిలోమీటర్లు. 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. ముక్త్యాల మన పల్నాడుకు ఎదురొడ్డే, అచ్చంపేట మండలం మాదిపాడు రేవు నుంచి బల్లకట్టు మీద దాటేవాళ్లం.

ఆ దారి బాగుపడాలనే నా కోరిక. సిమెంటు ఫ్యాక్టరీల సరుకు లారీల మీద పోయేకన్నా నీటి మీద పోతే ఎంతో చవక. అయితే డ్రెడ్జరు తెచ్చి ఇసుక తోడినంత మాత్రాన పడవ దారి కాదు. ఒక్క వరదకు ఆ గాడి మళ్లీ పూడుతుంది. వేసవిలో పడవ తేలేంత నీరు పైనుంచి వదలాలి. ఆ నీటికి పొలాలూ ఊళ్లూ కూడా కాచుకుని ఉంటాయి. తీసిన ఇసుకను అమ్మేయకుండా ఒడ్డు కోత పడ్డ చోట పోయాలి. పడవలు లేపే అలలకు ఒడ్డు కోసుకుపోకుండా రేవుల దగ్గర రాతి కాపు వేయాలి. వరద కాలంలో ప్రతి పడవకూ గట్టి లంగరు ఉండాలి. 2024 వరదకు పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దుకున్నాయి, వాటిని బయటికి లాగడానికి రోజులు పట్టింది.

9. గేటుకు గ్రీజు పెట్టేవాడి పోస్టు ఖాళీగా ఉంచకూడదు

మా గుండ్లకమ్మ మీదే మద్దిపాడు మండలం చినమల్లవరం దగ్గర కందుల ఓబులరెడ్డి రిజర్వాయరు ఉంది. 2008లో ప్రారంభించారు. 2022 ఆగస్టు ఆఖర్న ఒక గేటు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వెళ్లిన వెంటనే ఇంకో గేటు కొట్టుకుపోయాయి. రైతు కోసం దాచిన నీరు సముద్రం పాలైంది. 2021 ఆగస్టులో పులిచింతల పదహారో గేటుదీ ఇదే గతి. గేటు పోతే దాని చోట అడ్డుగా స్టాప్‌లాగ్ దించాలన్నా ముందు నీటిమట్టం తగ్గించక తప్పదు.

కొత్త కట్టడానికి కోట్లు మంజూరవుతాయి. ఏటా రంగు, గ్రీజు, రబ్బరు సీళ్లు, తాళ్లు మార్చడానికి కావాల్సిన కాస్త డబ్బుకు ఫైలు కదలదు. లస్కరు రిటైరైతే ఆ పోస్టు భర్తీ కాదు. ఏ గేటు ఎక్కడ పట్టేస్తుందో, ఏ తూము దగ్గర ఊట ఉంటుందో ఆ మనిషికే తెలుసు. ఆ తెలివిడి ఆయనతోనే వెళ్లిపోతోంది. మన ఎమ్మెల్యేనో మంత్రినో కలిసినప్పుడు కొత్త కట్ట అడిగే ముందు ఉన్న కాలవలకు, గేట్లకు లస్కర్లను అడగండి.

10. కొలిచి రాసిపెట్టాలి

ఏటి ఒడ్డు ప్రతి ఊరూ రెండు పనులు పెట్టుకోవాలి. వరద ఎక్కడిదాకా వచ్చిందో బడి గోడ మీదో గుడి ప్రహరీ మీదో ఎర్రరంగుతో గీత గీసి తేదీ వేయాలి. ఇరవయ్యేళ్ల తర్వాత ఇల్లు కట్టుకునేవాడికి అంతకు మించిన మ్యాపు లేదు.

రెండోది ఏటి అడుగు కొలత. వంపు దగ్గర రెండు ఒడ్ల మీదా వరద అందనంత వెనగ్గా రెండు రాళ్లు పాతండి. మే నెలలో ఒకసారి, వరదలు పోయాక డిసెంబరులో ఒకసారి, ఆ రాయి నుంచి ఈ రాయికి తాడు బిగించి కట్టి, ప్రతి పది అడుగులకూ తాడు నుంచి కిందికి ఎన్ని అడుగులుందో కర్రతో కొలిచి నోటుబుక్కులో రాయండి. తాడు నడుమ జారితే కర్ర ఊతంగా నిలపండి. హైస్కూలు పిల్లలు ఒక పూటలో చేసేస్తారు. ఏటి అడుగు ఏడాదికెంత దిగిందో, ఒడ్డు ఎంత వెనక్కి వచ్చిందో, ఏ వైపు మొదలు గుల్లవుతోందో అంకెల్లో తెలుస్తుంది. రాయి ఎక్కడ పడాలని ఇంజినీరు అడిగినా, తవ్వకం వల్లేనా అని తహసీల్దారు అడిగినా ఆ బుక్కు ముందు పెట్టండి. పుస్తకం ఒకరి ఇంట్లో ఉండిపోకుండా గ్రామ సచివాలయంలో ఒక కాపీ, బడిలో ఒక కాపీ ఉంచండి. రాళ్లు పాతడానికి ఈ వేసవి చాలు.